ట్యాంకుకు కాళ్ళు వచ్చిన కథ

 

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్ళు మా 1984 టెన్త్ బ్యాచ్‌లోనే పదిమంది ఉన్నారని చెప్పాను. "అయితే మీ వృత్తి గురించి రాయండి" అన్నారు. ముప్పై ఏళ్ళుగా యంత్రాల డిజైను చేసి బతుకుతున్నవాణ్ణి. దాని గురించి రాస్తే పాఠకులకు రెండో పేరాలోనే నిద్ర వస్తుంది. అందుకని వృత్తికీ సరదాకీ మధ్యలో ఉన్న విషయం ఒకటి ఎంచుకున్నాను.

హైదరాబాదులో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో చిన్న లేతు మిషను, ఒక డ్రిల్లు, ఒక వెల్డింగు సెట్టు ఉన్నాయి. సెలవు రోజుల్లో అక్కడ, మనిషి ఎక్కి నడపగలిగే చిన్న ట్యాంకు ఒకటి తయారు చేశాను. దానికి ఫిరంగి లేదు, కవచం లేదు. ఒక ఇనుప చట్రం, బ్యాటరీలు, రెండు మోటార్లు, రెండు పక్కలా రెండు చెయిన్లు. అంతే. మొత్తం రెండేళ్ళు పట్టింది. చట్రానికి నెల, మోటార్లకీ వైరింగుకీ రెండు నెలలు. మిగిలిన కాలమంతా ఆ రెండు చెయిన్లకే పోయింది.

చెయిన్లకు ఇంత కాలం ఎందుకు పడుతోందని చరిత్ర పుస్తకాలు తిరగేస్తే ఒక సంగతి తెలిసింది. మొదటి ట్యాంకు విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. 1914 నాటికి ఫిరంగులు ఉన్నాయి, ఉక్కు కవచం ఉంది, పెట్రోలు ఇంజను ఉంది. ఫిరంగులూ కవచమూ యుద్ధనౌకల్లో వాడుకలో ఉన్నవే. లేనిదల్లా ఈ బరువును బురదలో నడిపించగల కాలు. ఇంగ్లండులో ఒక పట్నంలో, 1915లో కొన్ని వారాలపాటు, ట్యాంకు పుడుతుందా పుట్టదా అన్నది ఒక చిన్న ఇనుప బిళ్ళ మీద, దాన్ని పక్క బిళ్ళతో కలిపే కీలు మీద ఆధారపడింది. ఆ బిళ్ళ కథే ఈ వ్యాసం.

చక్రానికి చేతకాని చోటు

డెల్టాలో పుట్టినవాళ్ళకి బురద గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మన బడి రోడ్డు మీద వానాకాలంలో ధాన్యం బళ్ళు దిగబడేవి. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకసారి మా ఫిజిక్సు మాస్టారు పాఠం ఆపి, క్లాసు మొత్తాన్ని అలా దిగబడిన బండి దగ్గరికి తీసుకెళ్ళారు. బండి తోలేవాడు విసుక్కుంటున్నా, ఆయన మాచేత ఇనుప కమ్మీ వెడల్పు కొలిపించారు. 5 సెంటీమీటర్లు. నేలను తాకే పొడవు 10 సెంటీమీటర్లనుకోమన్నారు. రెండు చక్రాలకు కలిపి 100 చదరపు సెంటీమీటర్లు. బండీ బరువూ కలిపి 800 కిలోలు. అంటే చదరపు సెంటీమీటరుకు 8 కిలోలు. "నువ్వు నిలబడితే అందులో యాభయ్యో వంతు కూడా లేదురా, అందుకే నువ్వు పైన ఉన్నావు, అది కింద ఉంది" అన్నారు. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడం అని పుస్తకంలో ఉన్న వాక్యం ఆ రోజు నా బుర్రకెక్కింది. తర్వాత ఆయనే మాచేత బండి తోయించారు కూడా.

దిగబడిన చక్రం కింద మనవాళ్ళు ఏం వేస్తారు? తాటి మట్టలు, చెక్క పలకలు. చక్రం పలక మీదకి ఎక్కుతుంది, బరువు పలకంతా పరుచుకుంటుంది. బండి కదిలాక వెనక పలకను తీసి మళ్ళీ ముందు వేయాలి. ఈ పలకల్ని ఒకదానికొకటి కట్టి, చక్రాల చుట్టూ దండలా తిప్పి, వెనక నుంచి ఎత్తి ముందు పరిచే పనిని బండికే అప్పజెప్పితే అదే ట్రాకు. అంటే తన దారిని తానే పరుచుకుంటూ, పరిచినదాన్ని తానే చుట్టుకుంటూ పోయే బండి. మన పక్క దాన్ని చెయిను అంటారు కాబట్టి నేనూ అదే మాట వాడతాను.

ఈ ఆలోచన పాతదే. 1770లో రిచర్డ్ లోవెల్ ఎడ్జ్‌వర్త్ అనే ఆయన ఇంగ్లండులో దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1846లో జేమ్స్ బాయ్‌డెల్ చక్రం చుట్టూ పలకలు కట్టి, చక్రం తిరిగిన కొద్దీ ఒక్కొక్క పలకా కిందికి వచ్చేలా చేశాడు. ఎడ్జ్‌వర్త్ నాటి నుంచి ట్యాంకు దాకా దాదాపు 150 ఏళ్ళు. ఆలోచన ఉండి కూడా ఇంత ఆలస్యం ఎందుకంటే, అడ్డుపడింది పలక కాదు, పలకల మధ్య కీలు. ఇసకా మట్టీ నూరుతుంటే, టన్నుల బరువు లాగుతుంటే, వేలసార్లు మడిచి విప్పినా తెగని, సాగని కీలు కావాలి. ఆనాటి ఇనుముకూ, ఆనాటి పనిముట్లకూ అది అందలేదు.

గ్రాంథమ్, స్టాక్టన్

మన ఊళ్ళ పాత రైస్ మిల్లుల్లో డగ్ డగ్ మంటూ నడిచిన పెద్ద ఆయిల్ ఇంజన్లు పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటాయి. రస్టన్ ఇంజన్లు అనేవాళ్ళం. కంపెనీ పూర్తి పేరు రస్టన్ అండ్ హార్న్స్‌బీ. ఆ పేరులోని రెండు సగాలూ ఇంగ్లండులో లింకన్‌షైర్ అనే ఒకే జిల్లావి. రస్టన్ లింకన్ పట్నంలోని కంపెనీ, హార్న్స్‌బీ గ్రాంథమ్‌లోని కంపెనీ. రెండూ 1918లో కలిశాయి. మొదట్నుంచీ రైతులకు ఇంజన్లు, వ్యవసాయ యంత్రాలు చేసిన ఊళ్ళవి. మన కథ జరిగింది కూడా ఆ జిల్లాలోనే.

గ్రాంథమ్‌లో హార్న్స్‌బీ కంపెనీ ఇంజనీరు డేవిడ్ రాబర్ట్స్ 1904-05లో మంచి చెయిను ట్రాక్టరు ఒకటి తయారు చేశాడు. సైన్యం వాళ్ళు ఆల్డర్‌షాట్‌లో దాన్ని నడిపి చూశారు, మెచ్చుకున్నారు, కొద్దిపాటి బళ్ళు కొన్నారు, ఆ తర్వాత మరిచిపోయారు. గిరాకీ లేని సరుకుని ఎన్నాళ్ళని దాచుకుంటారు? యుద్ధానికి కొద్దిగా ముందు కంపెనీ ఆ పేటెంట్లను అమెరికాలోని హోల్ట్ కంపెనీకి అమ్మేసింది.

ఆ హోల్ట్ ఎవరంటే, కాలిఫోర్నియాలో స్టాక్టన్ అనే ఊళ్ళో ట్రాక్టర్లు చేసే బెంజమిన్ హోల్ట్. స్టాక్టన్ చుట్టుపక్కలదీ డెల్టా నేలే. మెత్తగా, స్పాంజిలా ఉంటుంది. ఆవిరి ట్రాక్టర్లు అందులో దిగబడకుండా చక్రాలను వెడల్పు చేసుకుంటూ పోయారు. చివరికి ఒక ట్రాక్టరు వెడల్పు 46 అడుగులైంది. ఇలా లాభం లేదని 1904 నవంబరులో హోల్ట్ వెనక చక్రాలు పీకేసి, చెక్క పలకలు బిగించిన చెయిన్లు తొడిగాడు. ట్రాక్టరు తేలికగా నడిచింది. గొంగళిపురుగులా పాకుతోందని ఫోటో తీయడానికి వచ్చినవాడు అన్నాడట. "క్యాటర్‌పిల్లర్" అనే పేరు అలా స్థిరపడింది. మన దగ్గర బుల్‌డోజర్ల మీద కనిపించే పేరు అదే.

డెల్టా రైతుకు బురదతో వచ్చే తంటా ఎక్కడైనా ఒకటే. స్టాక్టన్‌లో దానికి చెయిను కనిపెట్టారు. మన దగ్గర దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలిస్తాం. లెక్క ఒకటే, జవాబులే వేరు.

1915, లింకన్ పట్నం

1914 చివరికి ఫ్రాన్సులో యుద్ధం కందకాల్లో ఇరుక్కుపోయింది. ముళ్ళకంచెలు, మర తుపాకులు, మధ్యలో గుళ్ళు పడి గోతులైన బురద. ఆ నేలను దాటబోయిన మనుషులు వేలకు వేలు పడిపోతున్నారు. ఆ కంచెల్నీ కందకాల్నీ దాటగల కవచపు బండి కోసం 1915 ఫిబ్రవరిలో బ్రిటిష్ నౌకాదళ మంత్రి చర్చిల్ ఒక కమిటీ వేశాడు. నేల మీది బండికి నౌకాదళం కమిటీ వేయడం వింతే. దాని పేరు కూడా "నేల ఓడల కమిటీ".

పని లింకన్‌లోని విలియం ఫోస్టర్ కంపెనీకి వచ్చింది. నూర్పిడి యంత్రాలు, వాటిని తిప్పే ఆవిరి ఇంజన్లు చేసే కంపెనీ అది. దాని అధిపతి విలియం ట్రిట్టన్. ఆయనకు తోడుగా వచ్చినవాడు నౌకాదళంలో లెఫ్టినెంటుగా ఉన్న వాల్టర్ విల్సన్. యుద్ధానికి ముందు మోటారు కార్లు డిజైను చేసినవాడు, గేర్లలో దిట్ట. ఊరి హోటల్ వైట్ హార్ట్‌లో ఒక గది తీసుకుని, అక్కడ కూర్చుని ఇద్దరూ గీతలు గీశారు.

1915 ఆగస్టులో పని మొదలైంది. టైము లేదు కాబట్టి చెయిన్లు అమెరికా నుంచి తెప్పించారు. షికాగోలో బుల్లక్ అనే కంపెనీ ట్రాక్టర్లకు చేసే చెయిన్లు. నెల తిరిగేసరికి, సెప్టెంబరులో బండి తయారైంది. కదిలింది కూడా. కానీ కందకం మీదకి వెళ్ళేసరికి చెయిను కిందికి వేలాడిపోయింది. వేలాడిన చెయిను మళ్ళీ గట్టు మీదకి వచ్చేటప్పుడు చక్రం మీద సరిగ్గా కూర్చోదు, పక్కకి జారిపోతుంది. ట్రాక్టరు చెయిను చదునైన పొలంలో నడవడానికి చేసింది. దాని కింద నేల ఎప్పుడూ ఉంటుంది. కందకం దాటేటప్పుడు చెయిను కింద నేల ఉండదు. అప్పుడు చెయిను బండిని మోయదు, బండే చెయిన్ని మోయాలి. ఈ తేడాయే మొత్తం సమస్య.

ఇనుప చెయిను బదులు బలాటా పట్టీలతో కూడా ప్రయత్నించారు. బలాటా అంటే రబ్బరు లాంటి ఒక చెట్టు జిగురు. దాన్ని కాన్వాసు గుడ్డకు పట్టించి, ఇంజను నుంచి యంత్రాలకు వేసే బెల్టులు చేసేవారు. ఆ పట్టీ పరీక్షలోనే చచ్చిపోయింది. ఈలోగా ట్రిట్టన్ సొంతంగా ఒక చెయిను తయారు చేశాడు. 1915 సెప్టెంబరు 22న లింకన్ నుంచి లండనుకు ఒక టెలిగ్రాం వెళ్ళింది. శత్రు గూఢచారులకు అర్థం కాకూడదని పురిటి కబురులా రాశారు. బలాటా నిన్న పొద్దున పరీక్షలో పోయిందనీ, ట్రిట్టన్‌కు ఒత్తిడి పలకతో కొత్త బిడ్డ పుట్టిందనీ, బరువు తక్కువైనా గట్టిగా ఉందనీ, అందరూ క్షేమమనీ దాని భావం. చివర సంతకం స్థానంలో, గర్వపడుతున్న తల్లిదండ్రులమని. యంత్ర చరిత్రలో ఇంత ముచ్చటైన సాంకేతిక నివేదికను నేను చూడలేదు.

ఆ బిడ్డ స్వరూపం ఇది. ఉక్కు పలకలకు లోపలి పక్క లింకులు రివెట్లతో బిగించారు. ఆ లింకులకు పక్కలా చెవుల్లాంటి అంచులు ఉంటాయి. బండి చట్రానికి ఉన్న పట్టాలు ఆ చెవుల్ని లోపలి నుంచి పట్టుకుంటాయి. మన తలుపు గడియ గాడిలో జరిగినట్టు, చెయిను చట్రం వెంట జరగగలదు గానీ కిందికి రాలేదు. కందకం మీద వేలాడదు, పక్కకు జారదు. దీనికి స్ప్రింగులు లేవు, వేగమూ రాదు. వాళ్ళకు వేగం అక్కర్లేదు, దాటితే చాలు.

1915 డిసెంబరులో ఈ చెయిన్లతో మొదటి బండి నడిచింది. "లిటిల్ విల్లీ" అని పేరు పెట్టారు. అయితే అప్పటికే సైన్యం కోరిక పెరిగింది. 2.4 మీటర్ల కందకం దాటాలి, 1.4 మీటర్ల గట్టు ఎక్కాలి అన్నారు. విల్సన్ దానికి జవాబు చెయిన్లోనే వెతికాడు. చెయిన్ని బండి కింద తిప్పడం మాని, బండి చుట్టూ, ముక్కు మీదుగా, నెత్తి మీదుగా తిప్పాడు. పాత ఫోటోల్లో చూసే ఆ ఏటవాలు పలక ఆకారం అలా వచ్చింది. అడుగు వంపు 18 మీటర్ల వ్యాసమున్న చక్రం అంచులా ఉంటుంది. అంత చక్రాన్ని ఎవరూ చేయలేరు. ఆ చక్రానికి నేలను తాకే ముక్క మాత్రం తీసుకుని, మిగతాది వదిలేశాడన్నమాట. 1916 ఫిబ్రవరి 2న మంత్రులు, సేనాధిపతుల ముందు ఆ రెండో బండి గోతులు, గట్లు దాటి చూపించింది. సైన్యం మంత్రి కిచెనర్ దాన్ని అందమైన యంత్రపు బొమ్మ అని చప్పరించేశాడని చెబుతారు. అయినా పది రోజుల్లో 100 బళ్ళకు ఆర్డరు వచ్చింది.

"ట్యాంకు" అన్న పేరు రహస్యం కోసం పెట్టిందే. ఆ పెద్ద ఇనుప పెట్టెలు నీళ్ళ తొట్లని, మెసొపొటేమియాకు వెళ్తాయని పనివాళ్ళతో చెప్పారు. మన ట్యాంక్‌బండ్‌లోని ట్యాంకూ, ఆ ట్యాంకూ ఒకటే మాట.

మా షెడ్డులో

ఇంతా చదివాక మా షెడ్డులో నాకు ఎదురైన ప్రశ్నలు, ట్రిట్టన్‌కు ఎదురైన ప్రశ్నలు ఒకే వరసలో వచ్చాయని అర్థమైంది. నా బండి చిన్నది. ఒక్కో చెయినులో 54 బిళ్ళలు, బిళ్ళ వెడల్పు 100 మి.మీ., కీలుకీ కీలుకీ మధ్య దూరం 50 మి.మీ. రెండు చెయిన్లకీ కలిపి 108 బిళ్ళలు. ప్రతి బిళ్ళకీ ముందో కీలు, వెనకో కీలు. మడత బందులాగా గొట్టపు ముక్కలు వెల్డింగు చేసి, మధ్యలో 6 మి.మీ. ఉక్కు పిన్ను గుచ్చాలి.

మొదటి ప్రశ్న, అన్ని బిళ్ళలూ ఒకే కొలతలో రావడం ఎలా? ఒక్కో బిళ్ళని స్కేలు పెట్టి కొలుచుకుంటూ చేస్తే ఎంత జాగ్రత్తపరుడికైనా కొద్దిగా తేడా వస్తుంది. బిళ్ళ ఎడమ అంచున 50 మి.మీ., కుడి అంచున 50.2 మి.మీ. వచ్చిందనుకోండి. ఒక్క బిళ్ళలో ఆ 0.2 కంటికి కనపడదు. 54 బిళ్ళలయ్యేసరికి కుడి పక్క 10.8 మి.మీ. పొడవు ఎక్కువ. చెయిను నిటారుగా ఉండదు, అరటిపండులా వంగుతుంది. వంగిన చెయిను చక్రం మీద నుంచి జారి తీరుతుంది. అందుకే ముందు బిళ్ళలు చేయలేదు, బిళ్ళని పుట్టించే అచ్చు చేశాను. మా భాషలో జిగ్గు అంటాం. మందపాటి పలక మీద సరిగ్గా 50 మి.మీ. దూరంలో రెండు పిన్నులు. వాటికి గొట్టపు ముక్కలు తొడిగి, మీద బిళ్ళ పెట్టి, వెల్డింగు చేసి, చల్లారేదాకా జిగ్గులోనే ఉంచాలి. వేడి మీద తీస్తే బిళ్ళ ముడుచుకుని కొలత మారుతుంది. జిగ్గుకు మూడు వారాలు పట్టింది. ఆ తర్వాత రోజుకు ఆరేడు బిళ్ళలు.

రెండో ప్రశ్న కీలు. పిన్నుకీ గొట్టానికీ మధ్య కొంచెం వదులు ఉండాలి, లేకపోతే మడవదు. 0.2 మి.మీ. వదిలాను. లాగినప్పుడు 54 కీళ్ళలోని వదులంతా కలిసి చెయిను 10.8 మి.మీ. సాగుతుంది. నడిచిన కొద్దీ కీళ్ళు అరిగి ఆ వదులు 0.5 అయితే 27 మి.మీ., అంటే సగం బిళ్ళ కన్నా ఎక్కువ. పెద్ద ట్యాంకులైనా, బుల్‌డోజర్లైనా కొన్నాళ్ళకు ఒక లింకు తీసేసి మళ్ళీ కలిపేది ఇందుకే. ఉక్కు సాగలేదు, కీళ్ళు అరిగాయి. పోనీ గ్రీజు పెడదామా అంటే, బయటి గాలికి తెరిచి ఉన్న కీలులో గ్రీజు మట్టిని పట్టుకుని సానరాయి ముద్ద అవుతుంది, పిన్నుని ఇంకా తొందరగా తినేస్తుంది. పొడి పిన్నే మేలు.

మూడో ప్రశ్న, మలుపు. చెయిను బండికి స్టీరింగు లేదు. ఒక పక్క ఆపి, రెండో పక్క నడిపితే తిరుగుతుంది. తిరిగేటప్పుడు చెయిను నేల మీద అడ్డంగా ఈడ్చుకుపోతుంది. చెయిన్ని పక్కకు లాగే బలం అంతా అప్పుడే వస్తుంది. దాన్ని ఆపడానికి ప్రతి బిళ్ళకీ లోపలి పక్క రెండు కొమ్ములు పెట్టాను. రోలర్లు ఆ కొమ్ముల మధ్య నడుస్తాయి. ట్రిట్టన్ పెట్టిన చెవుల పనే, నా కొలతలో. బండి మరీ పొడవైతే తిరగదు. నేలను తాకే పొడవు రెండు చెయిన్ల మధ్య దూరానికి ఒకటిన్నర రెట్లు దాటకపోతే మంచిది. నాది 1100 మి.మీ. పొడవు, 750 మి.మీ. దూరం. 1916 నాటి ట్యాంకులో ఈ నిష్పత్తి కుదరక, వెనక రెండు చక్రాల తోక తగిలించారు. అది కూడా అంతంతమాత్రమే అయింది. బండి తిప్పడానికే నలుగురు మనుషులు కావలసివచ్చేది.

జూలై వానల తర్వాత పక్కనున్న ఖాళీ స్థలంలో నడిపాను. నాతో కలిపి బరువు 150 కిలోలు. రెండు చెయిన్ల కింద వైశాల్యం 2200 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 70 గ్రాములు కూడా లేదు. నేను దిగి నడిస్తే నా పాదాలు చీలమండ దాకా దిగాయి. బండి జాడ రెండు వేళ్ళ లోతు లేదు. 9వ తరగతి లెక్క నలభై ఏళ్ళ తర్వాత నేల మీద అచ్చు పడింది.

ఆ బిళ్ళ మోసిన భారం

మనం ఇంజనీర్లం యంత్రం నడిచింది అనగానే కథ అయిపోయిందనుకుంటాం. చరిత్ర అక్కడ ఆగదు.

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో ఫ్లెర్స్, కోర్సెలెట్ అనే ఊళ్ళ దగ్గర ట్యాంకులు మొదటిసారి యుద్ధానికి దిగాయి. సిద్ధం చేసినవి 49. బయల్దేరాల్సిన గీత దాకా వచ్చినవి 32. మిగతావి దారిలోనే చెడిపోయాయి, దిగబడ్డాయి. 28 టన్నుల బండి, 105 హార్సుపవరు ఇంజను, మనిషి గబగబా నడిచినంత వేగం. లోపల ఎనిమిది మంది. ఇంజను వాళ్ళ మధ్యలోనే, విడి గది లేదు. వేడి 50 డిగ్రీలు దాటేది, పొగ ఊపిరాడనిచ్చేది కాదు. చప్పుడులో మాట వినపడక ఇంజను మూత మీద స్పానరుతో కొట్టి సైగలు చేసుకునేవారు. చెయిను తెగిందంటే బండి కదలని గురి. లోపలివాళ్ళకు రెండే దారులు, కాలిపోవడమో, తుపాకుల ఎదుటికి దూకడమో. ఎక్కడో ఒక పిన్ను తెగడం అంటే షెడ్డులో నాకు పావుగంట పని. వాళ్ళకది ప్రాణం.

అవతలి పక్క కందకంలో ఉన్నవాళ్ళ సంగతీ మరవకూడదు. దిగబడే ట్రాక్టరు కోసం రైతు కోరుకున్న చెయిను, పన్నెండేళ్ళు తిరక్కుండానే మనుషుల మీద నడిచింది. దాన్ని చేసినది నూర్పిడి యంత్రాల కంపెనీ. ఇందులో ఎవరిది తప్పు అని నేను తీర్పు చెప్పలేను. ఒక వస్తువు తయారు చేసేవాడు అది ఎక్కడికి పోతుందో అడగడం మానకూడదని మాత్రం అనుకుంటాను.

ఇంకొక మనిషి గురించి చెప్పాలి. లాన్స్‌లాట్ డి మోల్ ఆస్ట్రేలియాలో ఇంజనీరు. 1912లోనే చెయిన్ల మీద నడిచే కవచపు బండికి చక్కని నక్షా గీసి లండన్‌లోని సైనిక శాఖకు పంపాడు. వాళ్ళు వద్దన్నారు. యుద్ధం వచ్చాక, ఎనిమిదో వంతు కొలతలో ఒక నమూనా చేయించి, మామూలు సిపాయిగా సైన్యంలో చేరి, దాన్ని మోసుకుని లండన్ వెళ్ళాడు. యుద్ధం అయ్యాక 1919లో ఆవిష్కర్తలకు బహుమతులిచ్చే రాయల్ కమిషన్ ఆయన డిజైను గొప్పదనీ, కొన్ని విషయాల్లో నడిచిన ట్యాంకు కన్నా మెరుగనీ ఒప్పుకుంది. కానీ ట్యాంకు ఆయన కాగితం నుంచి పుట్టలేదు కాబట్టి బహుమతి ట్రిట్టన్, విల్సన్‌లకే ఇచ్చింది. ఇద్దరికీ కలిపి 15,000 పౌండ్లు. డి మోల్‌కు ఖర్చులు మాత్రం ఇచ్చారు. ఆయన నమూనా నేటికీ కాన్‌బెర్రాలో ఆస్ట్రేలియా యుద్ధ స్మారక సంగ్రహాలయంలో ఉంది. లిటిల్ విల్లీ ఇంగ్లండులోని బోవింగ్టన్ మ్యూజియంలో ఉంది. ఇంజను తీసేశారు, చెయిన్లు మాత్రం ఉన్నాయి.

డి మోల్‌కు అన్యాయం జరిగిందా అంటే జరిగిందనే అంటాను. అయినా కమిషన్ చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది. ఆలోచన 1770 నుంచీ లోకంలో తిరుగుతూనే ఉంది. దాన్ని నడిపించినది, ఇనుము ఎక్కడ అరుగుతుందో చేతులకు తెలిసిన ఊళ్ళో, పక్కనే ప్రెస్సూ కొలిమీ ఉన్న షాపులో, ఇవాళ చెడిపోయినదాన్ని రేపు మళ్ళీ చేసి చూడగలిగినవాళ్ళు.

చేలోకి తిరిగొచ్చిన చెయిను

ఇవాళ సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలోని కర్మాగారంలో మన సైన్యానికి చెయిన్ల మీద నడిచే కవచ వాహనాలు తయారవుతున్నాయి. చెన్నై దగ్గర ఆవడిలో 1960ల నుంచీ ట్యాంకులు చేస్తున్నారు. అవి మన రక్షణకు కావాలి, కాదనను. అయితే నాకు ఎక్కువ సంతోషం కలిగించే చెయిను వేరే ఉంది. కోతల కాలంలో తుపాను పడి చేలో నీళ్ళు నిలిచినప్పుడు, టైర్ల మిషను గట్టు మీదే ఆగిపోతుంది. అప్పుడు రైతు చెయిను మిషను కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు. రబ్బరు చెయిన్ల మీద అది మెల్లగా చేలోకి దిగి, వాలిన వరిని కోసుకొస్తుంది. స్టాక్టన్ డెల్టాలో రైతు కోసం పుట్టినది, లింకన్‌లో యుద్ధానికి వెళ్ళి, మన డెల్టాలో మళ్ళీ రైతు దగ్గరికి చేరింది.

చివరిగా సంఘానికి ఒక మనవి. మన బడిలో క్రాఫ్టు గది ఉండేది. రంపం, చిత్రిక, ఆకురాయి పట్టుకోవడం చాలామందిమి అక్కడే నేర్చుకున్నాం. ఇప్పుడది విరిగిన బెంచీలు వేసే గది అయిందని విన్నాను. స్వర్ణోత్సవ నిధితో డిజిటల్ బోర్డులు పెడతామన్న తీర్మానం మంచిదే, నేనూ చందా ఇచ్చాను. దానితో పాటు ఆ గది తాళం కూడా తీయిద్దాం. పిల్లలు తెర మీద ట్యాంకుల్ని చాలా చూశారు. రెండు ఇనుప ముక్కల్ని ఒక పిన్నుతో కలిపి, మడతపడుతుందో లేదో చూసినవాళ్ళు ఎంతమంది ఉంటారు?

నా తరఫున ఒక బెంచ్ వైసు, ఒక సెట్టు ఆకురాళ్ళు, నేను చేసిన జిగ్గు, విడదీసి మళ్ళీ కలపడానికి వీలుగా పన్నెండు బిళ్ళల చెయిను ముక్క ఉత్సవం నాటికి ఫిజిక్సు లాబుకు చేర్పిస్తాను. డ్రిల్లు మిషను ఇవ్వగల మిత్రులెవరైనా ఉంటే సంఘం కార్యదర్శికి చెప్పండి. గది ఊడ్చి, సున్నం వేయించే పని మా 1984 బ్యాచ్ చూసుకుంటుంది.